నానీ పట్టిన దమ్

నా చిన్నప్పుడు జరిగింది ఏదైనా నేను చెబితే, సగం కోసి పక్కన పెట్టి వినాలని మా ఇంట్లో రూలు. మీరూ అట్లాగే వినండి. మిగిలిన సగానికే నేను పూచీ.

మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు, దుబాయిలో కూలీల మెస్సులో వండీ వండీ, ఒకసారి సెలవు మీద ఎల్లారెడ్డి వచ్చాడు. వచ్చిన కాడి నుంచి ఒకటే పాట: మళ్లీ పోను, బస్టాండు దగ్గర హోటల్ పెడతాను. మా నానీకి, అంటే అమ్మమ్మకు, ఆ మాటే గిట్టదు. ఆమె నోట్లో అప్పటికి ఒక్క పన్ను లేదు గానీ మాటలకు మాత్రం కోరలుండేవి.

"హోటలంటే మెచ్చేటోళ్లు ఉండాలె గదరా. పెద్దకూర తిని నాకు ఎన్నేండ్లాయె! ఈ బోసి నోటికి మింగుడుపడేటట్టు వండు, ఉండు. లేకుంటే సప్పుడు జేయక ఇమానం ఎక్కు."

మామూ పోతే నన్ను భుజాల మీద ఊరేగించే దిక్కు లేదు. కనుక ఆ కూర ఉడకడం నాకు చావుబతుకుల సంగతి.

తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మామూ పెరట్లో పాత ఇనుప డ్రమ్ముకు కింద తలుపు కోసి, తుమ్మకట్టెల నిప్పులు పోశాడు. నడుమ అడ్డంగా చువ్వలు, వాటి మీద గంజు. గంజులో కోయని ఎద్దు తొడ ముక్క, మా గడప పట్టనంత. ముందు మూత లేకుండా పొగ పట్టించి, తర్వాత మూత పెట్టి, ఆవిరి పోకుండా అంచు చుట్టూ గోధుమపిండి మెత్తాడు. మావాళ్లు దీన్నే దమ్ అంటారు. ఆ పొగకు సిగ్నల్ కనబడక కామారెడ్డి స్టేషన్లో రైలు ఆగిపోయిందంటారు. అంటున్నది నేనొక్కడినే అనుకోండి. గోడ అవతల బీడీలు చుట్టే పక్కింటి అక్క మాత్రం చాటతో సహా లేచి నిలబడింది.

"ఏంది తమ్మీ, కూరొండుతున్నవా, వాడకు దోమల మందు కొడుతున్నవా?"

నేను మూత చుట్టూ ఈగలా తిరుగుతూ, అయిందా అయిందా అని ప్రాణం తీస్తుంటే మామూ విసుక్కున్నాడు. "జర దమ్ పట్టురా!"

మా దిక్కు ఆ మాటకు ఓపిక పట్టమని అర్థం. దమ్ అంటే ఊపిరి కూడా. నాకు రెండోదే తెలుసు. ముక్కు మూసుకుని, బుగ్గలు గుమ్మడికాయలు చేసుకుని, ఊపిరి బిగబట్టి డ్రమ్ము పక్కన నిలబడ్డాను. నేను వదిలితే కూర చెడుతుందని నమ్మకం. నిజాంసాగర్ గేట్లు కూడా అంత ఆపి ఉండవు. చివరికి అక్క గోడ దూకి వచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది. మామూ కడుపు పట్టుకుని నవ్వాడు.

"నువ్వు గాదురా, కూర పట్టాలె దమ్! మూత దీస్తే దాని పాణం పోతది."

పొద్దుగూకి మగ్రిబ్ వేళకు పిండి పగలగొట్టారు. వాసనకు వాడంతా గోడల మీదికెక్కింది. మామూ ముక్క తీసి నానీ నోట్లో పెట్టాడు. అది ఆమె పెదాలను చూస్తూనే వెన్నలా కరిగిపోయింది. నానీ కళ్లు మూసుకుని, కాసేపు దవడలు ఆడించి, "మెత్తగున్నదిరా. ఇమానం ఇగ ఎందుకు నీకు?" అన్నది. మామూ కళ్లు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు.

ఇక మీరు కోసి పక్కన పెట్టిన సగం. రైలు, గడప, గుమ్మడికాయలు, అవి ఉన్నదాన్ని ఊదినవి. అచ్చంగా కల్పించింది ఒక్కటే, ముక్క కరగడం. అది కరగలేదు. నోరు కడుక్కోవడానికి నానీ పెరటి మూలకు పోతే నీళ్లు పోసింది నేను. దవడలో దాచిన ముక్క తీసి పిల్లికి వేసింది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"దమ్ పట్టు," అన్నది.

పట్టాను. మామూ హోటల్లో ఇప్పుడు ముక్క నిజంగానే కరుగుతుంది. ఎవరైనా మొదటిసారి వండింది ముందు పెట్టి నా మొహంలోకి చూస్తే, నేను నమలకముందే మెత్తగుందంటాను. ఆ ఒక్కచోట మాత్రం నా మాటను సగానికి కోయకండి.