సిగ్నల్ లేని చోట దారి చూపే ట్యాబ్‌తో జువ్వలదిన్నె దాకా

జీపేసుకుని సముద్రం ఒడ్డున తిరిగే పిచ్చి నాకు చాలాకాలంగా ఉంది. ఆ పిచ్చికి ఫోన్ చాలదని మాత్రం ఈ మధ్యే ఒప్పుకున్నాను. డాష్‌బోర్డు మీద పెడితే ఎండకు కాగి ఆగిపోతుంది, సరుగుడు తోటల్లోకి దిగగానే సిగ్నల్ పోతుంది. అందుకని ఇంటర్నెట్ లేకపోయినా దారి చూపే ట్యాబ్ కోసం వెతికి, మొదట పదకొండు వేలు పెట్టి వైఫై మాత్రమే ఉన్నది తెచ్చాను. ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. వీధి చివరికి వెళ్ళాక కూడా నేను ఇంట్లోనే ఉన్నానంది. అలాంటి వైఫై ట్యాబుల్లో చాలావాటికి జీపీయస్ ఉండదని షాపువాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. దాన్ని మార్చి, ఇంకో ఏడు వేలు వేసి, జీపీయస్, సిమ్ రెండూ ఉన్న ఎనిమిది అంగుళాలది తీసుకున్నాను. పది అంగుళాలదీ చూశాను గానీ, దాన్ని ముందు పెట్టుకుంటే మ్యాపులో దారి కనిపిస్తుంది, అద్దంలోంచి దారి కనిపించదు.

దాన్ని పరీక్షించడానికి ఓ ఆదివారం పొద్దున అయిదుముక్కాలుకు నెల్లూరులో బయల్దేరాం. నాతో పాటు ఖాదర్ భాయ్. ఆయనకు వెల్డింగ్ షాపుంది. కుదుపులకు ఊడకుండా ట్యాబ్‌కు ఇనుప పట్టీ చేసి, లోపల పాత ట్యూబు రబ్బరు అంటించి ఇచ్చింది ఆయనే. హైవే మీద కొడవలూరు దగ్గర ఆగి దోసెలు తిన్నాం. ఇద్దరికీ కలిపి నూటయాభై అయింది. పెనం దగ్గరున్న ఆమె కిటికీలోంచి జీపులోకి చూసి, "టీవీ పెట్టించినారా బండికి?" అంది. "దారి చూపిస్తదక్కా," అన్నాడు ఖాదర్ భాయ్. "నోరుంది గదా, అడగతా పోతే సరిపోదా?" అని ఇంకో దోసె తిప్పింది. మేం నవ్వుకుని బయటపడ్డాం. బిట్రగుంట దగ్గర హైవే దిగి, ఏడున్నరకు జువ్వలదిన్నె చేరాం. హార్బరు దగ్గర టీ తాగి, ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి సగానికి తగ్గించి, దక్షిణంగా ఇసుకదారి పట్టాం.

ట్యాబ్ సంగతి ముందు చెప్పేస్తాను. ఎండ నేరుగా పడుతున్నా తెర కనిపించింది. ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ పోయాక కూడా నీలం చుక్క మాతో పాటే కదిలింది. నేను వాడేది జనమే దారులు గీసి కలుపుకునే మ్యాపు. నెల్లూరు తీరమంతా రెండు వారాల ముందే ట్యాబ్‌లోకి దించుకున్నాను. ఒకచోట దారికి అడ్డంగా కాలువ నీళ్ళు జానెడు లోతు పారుతున్నాయి. దాటేశాం. తర్వాత ఒక సన్నటి గీత సముద్రం వైపు తిరిగింది, మేమూ తిరిగాం. రెండు పక్కలా రొయ్యల గుంతలు, మధ్యలో జీపు పట్టేంత కట్ట. పీతలు రాకుండా గుంతల చుట్టూ నీలం వల కట్టి ఉంది. రెండు వందల అడుగులు పోయామో లేదో, ఎదురుగా ఒకామె చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

ఆ గుంతలు రెండూ కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతున్న రమణమ్మ గారామె. "యాడికబ్బయా ఇట్టా? ఎవరిని అడిగి కట్ట ఎక్కించినారు?" అంది. ఆయాసంలో మాట తెగిపోతోంది.

"రోడ్డుందక్కా, మ్యాపులో," అన్నాను.

"అందరూ ఇదే మాట! రెండేళ్ళబట్టీ ఎవరో ఒకరు రావడం, రోడ్డుందనడం. మీ టైర్లేంది తడిగా ఉండాయి? కాలవ దాటొచ్చినారా?"

అవునన్నాను. ఆమె అక్కడే కూర్చుండిపోయింది. పైనున్న గుంతలకు వైరస్ తగిలి, ఆ రైతులు నాలుగు రోజుల కింద వదిలిన నీళ్ళట అవి. ఆ తడి ఒక్క బొట్టు గుంతలో పడినా వారం తిరక్కుండా రొయ్యలన్నీ తేలిపోవచ్చు. "కిలోకి అరవై రొయ్యలు తూగతా ఉండాయి. ఇంకో ఇరవై రోజులాగితే లావెక్కి కిలోకి నలభైకొస్తాయి. పోయిన పంట నలభై రోజులకే పోయింది నాయనా. ఇది గూడా పోతే కట్ట దిగి పోవాల్సిందే నేను," అంది.

నేను మాత్రం ఇంకా నా నిజాయితీ నిరూపించుకునే పనిలోనే ఉన్నాను. "కావాలంటే చూడక్కా" అని ట్యాబ్ ఊడదీసి, ఆమెకు కనిపించేలా గీతను పెద్దది చేశాను. పెద్దది చేస్తే గీత పక్కన పేరు వచ్చింది: బీచ్ షార్ట్‌కట్.

ఆ పేరు నేను పెట్టిందే. మూడేళ్ళ కింద మోటార్‌సైకిల్ మీద వచ్చినప్పుడు ఈ గుంతలు ఎండగట్టి ఉన్నాయి. మనిషి లేడు, వల లేదు. ఖాళీ కట్ట చూసి మంచి దారి దొరికిందని ఇంటికెళ్ళి మ్యాపులో గీసి, పేరు పెట్టి, పదిమందికి ఉపకారం చేశానని హాయిగా పడుకున్నాను. ఇప్పుడు సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినా దాచబుద్ధి కాలేదు. "గీసింది నేనేనక్కా," అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. కాసేపు తెరనూ నన్నూ మార్చి మార్చి చూసి, "గీసినోడివి నువ్వే గదా, చెరిపెయ్," అంది.

"సిగ్నల్ రాగానే చెరిపేస్తా."

"నీ దాంట్లో చెరిపితే అందరి దాంట్లో పోద్దా?"

పోదు. ముందే దించుకున్నవాళ్ళ దగ్గర అది అలాగే ఉంటుంది, వాళ్ళు మళ్ళీ దించుకునేదాకా. సిగ్నల్ లేకున్నా పనిచేస్తుందని నేను మురిసిపోయిన గుణమే అది. ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. "ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఇదేనన్నా," అన్నాడు ఖాదర్ భాయ్.

వచ్చిన టైరు గుర్తుల మీదే వెనక్కి పొమ్మందామె. ఖాదర్ భాయ్ వెనక నిలబడి చెయ్యి చూపిస్తుంటే రెండు వందల అడుగులు రివర్సులో రావడానికి అరగంట పట్టింది. ఆమె మా గుర్తుల వెంబడి బ్లీచింగ్ చల్లుకుంటూ వచ్చింది. కట్ట దిగాక బకెట్లో మందునీళ్ళు కలిపిస్తే నాలుగు టైర్లూ, మా చెప్పులూ కడిగాం. వచ్చేముందు నా నంబరు అడిగి తన బటన్ల ఫోన్లో ఎక్కించుకుంది; వేరే కంపెనీ సిమ్ కాబట్టి దానికి అక్కడ మాటల వరకు సిగ్నల్ అందుతుంది. మధ్యాహ్నం హైవే ఎక్కి సిగ్నల్ రాగానే బండి పక్కన ఆపి గీత చెరిపేశాను. రానూపోనూ నూట పాతిక కిలోమీటర్లు, డీజిలు వెయ్యి రూపాయల పైన.

ట్యాబ్ మంచిదే. పద్దెనిమిది వేలకు అంతకన్నా అడగక్కర్లేదు. తనలో ఉన్న దారిని అది నిజాయితీగా చూపించింది, తప్పంతా ఆ దారి గీసినవాడిది. ఆ తర్వాత రోజులు మాత్రం నాకు సరిగా గడవలేదు. తొమ్మిదో రోజు పొద్దున రమణమ్మ గారి ఫోన్ వచ్చింది. ఎత్తడానికి భయమేసింది. "రొయ్యలు బాగుండాయిలే," అంది నేనడగకముందే. "ఇదో, నీ షార్ట్‌కట్లో ఒకాయన కారేసుకోనొచ్చి నిలబడుండాడు. చెప్తే ఇనడంలేదు. నువ్వే మాట్లాడు." ఇప్పటికి అలా ముగ్గురితో మాట్లాడాను. ఆమె పంట పట్టేసింది, గుంతల్లో మళ్ళీ రొయ్యపిల్ల వదిలింది, ఫోన్లు ఆగలేదు. కాబట్టి ఒక్క సలహా: ఏ ట్యాబ్ కొన్నా సరే, బయల్దేరే ముందు రోజు మ్యాపు మళ్ళీ దించుకోండి. లేకపోతే జువ్వలదిన్నె దిగువన ఒక కట్ట మీద ఒకామె మీ చేతికి ఫోన్ ఇస్తుంది, అవతల నేనుంటాను.