మొదటి వరుసలో నీళ్లు

మా గని కార్మికుల ఇళ్ల వరసలకు, అంటే మా లైన్లకు, ఉన్న వాట్సాప్ గ్రూపులో నేను రాసినదానికి చాలా రోజులు ఒక్కరూ జవాబివ్వలేదు. పొద్దున్నే ఎవరో గులాబీ పువ్వు పెడితే దానికి వరసగా నమస్కారాలు. నేను నీళ్ల సంగతి రాస్తే, దాని కిందనే ఎవరి మనవరాలికో పుట్టినరోజు కేకు. ఆ కేకు బొమ్మ పెట్టిందెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

నేను అడిగింది పెద్ద కోరికేమీ కాదు. నీళ్ల ట్యాంకరు మిట్ట మీదనే ఆగిపోతుంది, మా దిగువ లైనుకు రాదు. నాకు ఆపరేషన్ అయింది, బరువెత్తకూడదన్నారు. మోకాళ్ల నొప్పితో నా భార్యే బిందెలు మోసుకుని ఆ వాలు దిగాలి. వానల్లో ఒకసారి జారి పడింది కూడా.

గని నడిచే రోజుల్లో ఆఫీసుకు అర్జీ పెట్టాలంటే ఒక పద్ధతి ఉండేది. ముందు పేరు, తండ్రి పేరు, టోకెన్ నంబరు, గనిలోకి దిగే బావుల్లో ఏ షాఫ్టు, ఏ లైను, ఎన్నేళ్ల సర్వీసు. అసలు సంగతి చివరికి. అవి లేని అర్జీని గుమస్తా పక్కన పడేసేవాడు. గని మూతపడినా నా చేతికి ఆ పద్ధతి పోలేదు. ఫోనులోనూ అలాగే, ఎక్కడా ఆపకుండా, ఒకే ముద్దగా రాశాను.

పక్కింటి అమ్మాయి రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి ఉద్యోగం చేసి వస్తుంది. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే నిలబెట్టి అడిగాను.

"నువ్వు కూడా చదవలేదా అమ్మా?"

"మారికుప్పం రైల్లో ఒక చేత్తో కమ్మీ పట్టుకోని చూస్తా మామా. మీ నాయన పేరు, షాఫ్టు పేరు దాకా వచ్చినాను. ఇంగ మిగతాది 'రీడ్ మోర్' నొక్కితేనే తెరుచుకుంటాది. ఎవరు నొక్కుతారు?"

"నీళ్లు లేవని రాసినానే."

"యాడ రాసినారు?"

చూపించాను. ఆమె వేలితో తోస్తూ పోయింది, చివరిదాకా పోయింది.

"షాఫ్టు అడుగున ఉండాయి మామా మీ నీళ్లు. అంత లోతుకు దిగేవాళ్లు ఇప్పుడు లేరు. ముందు ట్యాంకరు రాయండి. మీ టోకెన్ నంబరు అడిగేవాళ్లు గ్రూపులో ఎవరుండారు?"

ఆ మాట నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. కానీ అప్పుడే నా భార్య బిందె తీసుకుని మిట్ట ఎక్కుతోంది. గడప మీద కూర్చుని మళ్లీ రాశాను. మొదటి వరుసలో ఏం కావాలో. కొంచెం ఖాళీ వదిలి, ఎందుకో. మళ్లీ ఖాళీ వదిలి, ఎవరు చేయాలో. టోకెన్ నంబరు మాత్రం తీయలేదు. అన్నిటికీ కింద, విడిగా పెట్టాను.

ఆ సాయంత్రమే పై లైనులోని ఒకావిడ రాసింది: "ఇది న్యాయమే కదప్పా." ఆమె వెనక మరికొందరు. గ్రూపు నడిపేదీ, ట్యాంకరు పంపేదీ ఒకే పెద్దమనిషి. ఆయన ఒక్కడే మాట్లాడలేదు. ఆయన పేరు పక్కన చదివిన గుర్తు మాత్రం నీలంగా కనబడుతోంది.

అందుకే ప్రతి సోమవారం అదే మళ్లీ పెడుతున్నాను. పెద్దమనిషీ, ఇప్పుడు చదవలేదనడానికి వీల్లేదయ్యా, ప్రశ్న మొదటి వరుసలోనే ఉంది. ట్యాంకరు దిగువ లైనుకు ఏ రోజు వస్తుంది? నమస్కారం బొమ్మ వద్దు. రోజు చెప్పండి.