అవ్వ చేతులూ, పసుపు ఆవిరీ

మొన్న హైదరాబాదు నుంచి నిజామాబాదు వచ్చిన మా మేనకోడలు, తాను పనిచేసే ల్యాబులో తీసిన ఒక ఫొటోను ఫోనులో చూపించింది. మోకాలి ఆపరేషన్‌లో తీసిన కీలు పొరను పలుచగా కోసి గాజుపలక మీద పెట్టారట, నీలం రంగు మధ్య అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు. కీళ్ళలోని మెత్తటి ఎముకను మన ఒంట్లోనే పుట్టిన ఒక ఎంజైము కరిగించి తినేస్తుందని, పశువుల అంగడిలో రైతు తన బర్రెను గుర్తుపట్టినట్టు ఆ ఎంజైమును మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీ ఒకటి ఉందని, అది అతుక్కున్నచోటల్లా ఈ గోధుమరంగు తేలుతుందని చెప్పింది. రిటైరైనా నీకు ల్యాబు పిచ్చి పోలేదత్తా అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు, మా అవ్వ చేతులు గుర్తొచ్చాయి.

అమ్మను మేము అవ్వ, నాన్నను బాపు అనేవాళ్ళం. ఎడపల్లి దగ్గర మాకు కొంత చెరుకు, కొంత పసుపు ఉండేవి. బాపు చెరుకు బండి కట్టుకుని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోతే, చేను పనంతా అవ్వ చేతుల మీదే నడిచేది. నేను నిజామాబాదులో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో ఆ చేతులు వాయడం మొదలైంది. పొద్దున లేస్తే పిడికిలి విడేది కాదు. కీళ్ళవాతమేమోనన్న అనుమానంతో తీసుకొచ్చి, ఆ రోజుల్లో దానికి మా దగ్గరున్న ఒకే ఒక్క రక్తపరీక్ష చేశాం. ఏమీ లేదని వచ్చింది. ఆ పరీక్షకు చిక్కని కీళ్ళ రోగమూ ఉంటుంది, హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించండని మా డాక్టరు చెప్పనే చెప్పాడు గానీ, ఇంటిల్లిపాదీ విన్నది మొదటి మాటే.

"రోగం లేదని తేలినంక దవాఖాన ఎందుకు బిడ్డా? పసుపు ఉడకవెట్టే రోజులు రానీ, గదే పోతది" అంది అవ్వ.

ఉడికిన పసుపు కొమ్ములను కుప్ప పోసి గోనెసంచులు కప్పితే, నొప్పులున్న ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, ఆవిరి చల్లారేదాకా చేతులూ మోకాళ్ళూ ఆ సంచుల కింద పెట్టుకునేవారు. నిజంగానే హాయిగా ఉండేది. అవ్వ వేళ్ళు నాలుగు రోజులు విడేవి, నన్ను పిలిచి కూర్చోబెట్టి మరీ జడ వేసేది. ఆ నాలుగు రోజుల సుఖాన్ని నయం కావడమే అనుకుని, మళ్ళీ పసుపు ఉడికే కాలం వచ్చేదాకా ఓర్చుకునేది. లోపల తినేది తింటూనే ఉంది.

చివరికి ఒక ఏడు పసుపు కుప్ప కూడా ఆ వేళ్ళను విప్పలేకపోయింది. అన్నం కలుపుకోలేక, మేము కలిపి పెడుతుంటే సిగ్గుతో గోడవైపు తిరిగి తినేది. అంతకన్నా ఆమెను కుంగదీసింది ఊరి మాట. పరీక్షలో ఏమీ లేదన్నారు కదా, ఇదంతా పని తప్పించుకునే నాటకమని అమ్మలక్కలు చెవులు కొరుక్కున్నారు. బతుకంతా రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషికి ఆ నింద ఎంత బరువో మా తరం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఒకనాడు నా ముఖంలోకి చూసి, "నాకు రోగం లేదట గద బిడ్డా, మరి గీ నొప్పి ఎవలదే?" అని అడిగింది. ఆ నింద మోస్తూనే పోయింది.

ఇప్పుడు చెరుకు బళ్ళు లేవు, ఫ్యాక్టరీ మూతబడింది, పసుపును యంత్రాలే ఉడికిస్తున్నాయి. కీళ్ళు కరిగిపోకముందే ఆపే మందులూ వచ్చాయని మేనకోడలు చెబుతోంది. మంచిదే, ఎవరికో ఒకరికి పనికొస్తాయి. నీ నొప్పి నిజమేనే అవ్వా అన్న మాట నా నోటిదాకా వచ్చింది, వినవలసిన మనిషి లేదు.