డోలు బాబాయి ఆఖరి దెబ్బ

ఆర్కెస్ట్రాలో అందరికన్నా వెనకాల నిలబడి, అందరికన్నా తక్కువ వాయించి, అందరికన్నా ఎక్కువ చెమట పట్టే మనిషి ఎవరయ్యా అంటే డోలు బాబాయి. ఈ మాట ఆయన ఎదురుగానే అనొచ్చు, ఏమీ అనుకోడు. పైగా "చెమట ఎందుకు పడుతుందో చెప్పనా?" అని కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. అలా కూర్చోనిచ్చారో, ఇక మీ పని అయినట్టే. వయొలిన్ వాళ్ళు ఆపకుండా వాయిస్తూనే ఉంటారట, మధ్యలో ఒక స్వరం జారినా పక్కవాళ్ళ సందట్లో కలిసిపోతుందట. డోలు అలా కాదట. చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి ఒక్క దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బ కాస్త ముందు పడిందా, తలలన్నీ వెనక్కి తిరుగుతాయి.

ఆ చేతుల సంగతి కూడా చెప్పాలి. తండ్రి రేకు పెట్టెలు చేసేవాడు. పెట్టె అతుకు సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి వేలు మడిచి కణుపుతో టక్‌మని తట్టేవాడు. పిల్లాడికి పెట్టెల పని అబ్బలేదు గానీ ఆ తట్టడం మాత్రం అబ్బింది. బల్ల కనబడితే తట్టడం, గ్లాసు కనబడితే తట్టడం, బడిలో ముందు బెంచీవాడి బుర్ర కనబడితే అదీ తట్టడం. ఆ తట్టుడే చివరికి అన్నం పెట్టింది.

బాబాయి భార్యని ఆర్కెస్ట్రాలో అందరూ రొట్టెల పిన్ని అంటారు. రొట్టెల బట్టీలో పని. ఇంకా చీకటి విడవకముందే లేచి, పిండి కలిపి, బట్టీ ముందు నిలబడాలి. అందుకని సాయంత్రం దీపాలు పెట్టేసరికి ఆవిడ కళ్ళు వాలిపోతాయి. మరి కచేరీలేమో సాయంత్రాలే! అయినా ఒక్కటి మానదు. బాబాయికిచ్చే పాసు పట్టుకుని, నాలుగో వరసలో చివరి కుర్చీలో, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని కూర్చుంటుంది. మొదటి పాట సగమయ్యేసరికి తల పక్కకి ఒరిగిపోతుంది. ఇక తాళాలు మోగనీ, బాకాలు ఊదనీ, బాబాయి డోలు పగలగొట్టనీ, ఆవిడ కదలదు. చప్పట్లప్పుడు లేచి అందరికన్నా గట్టిగా కొడుతుంది.

"మీ ఆవిడ మన వీరాభిమాని బాబాయ్, కళ్ళు మూసుకుని మరీ వింటుంది!" అని మొదటి వయొలిన్ అక్కయ్య ఏడిపించేది. ఆ అక్కయ్య నోటికి ఆర్కెస్ట్రా అంతా జడుస్తుంది. బాబాయి నవ్వేసేవాడు. ఇంటికెళ్ళి పిన్నిని అడిగితే ఆవిడ జవాబు ఆవిడది. "మీరు వెనకాల ఉన్నారన్న ధైర్యంతో నిద్ర పట్టేస్తుందండీ. నన్నేం చేయమంటారు?" అలా అన్నాక ఇంకేం పోట్లాడతాడు, నా మొహం!

ఇంట్లోనూ అంతే. ఆయన కచేరీ నుంచి తిరిగొచ్చేసరికి ఆవిడ ఒక నిద్ర పోయి ఉంటుంది. గడియ పెట్టుకోవే అని ఎన్నిసార్లు చెప్పినా వినదు, తలుపు దగ్గరగా వేసి పడుకుంటుంది. ఉరుములకి కూడా కదలని ఆ మనిషి, బాబాయి వేలి కణుపుతో తలుపు మీద టక్‌మంటే మాత్రం నిద్రలోంచే "తీసే ఉంది, రండి" అంటుంది. పొద్దున అడిగితే, తను అన్నట్టే గుర్తుండదు.

అయినా మనిషన్నాక ఒక మూల కాస్త బాధ ఉంటుంది కదండీ. పదవీ విరమణ దగ్గరపడ్డాక బాబాయిలో ఆ బాధ లేచి కూర్చుంది. ఇన్నేళ్ళు కొట్టాడు, తనవాళ్ళంటూ ఉన్న ఆ ఒక్క మనిషీ మెలకువగా ఒక్క దెబ్బ వినలేదు. ఆఖరి కచేరీకైనా వినాలి. ఆయన ఇంకేం కోరలేదు, శాలువా వద్దన్నాడు, ఉపన్యాసాలు అసలే వద్దన్నాడు. ఇదొక్కటే.

ఆ ఆఖరి కచేరీలో ఆఖరి అంశంగా కొత్త రచన ఒకటి వచ్చిపడింది. రాసింది చిన్న వయసు అమ్మాయి. జేబుల నిండా పెన్సిళ్ళు, కళ్ళ కింద నల్లటి చారలు. రచనకి పేరు కూడా పెట్టలేదు. మొదటి రిహార్సల్లోనే గొడవ మొదలైంది. ఫ్లూటు వాళ్ళు స్వరం పలికించకూడదట, ఊపిరి మాత్రమే ఊదాలట. వయొలిన్ వాళ్ళు కమానుతో తీగల్ని కాక వయొలిన్ వీపుని రుద్దాలట.

"నా వయొలిన్‌కేమన్నా దురదా, వీపు గోకడానికి?" అని అక్కయ్య ఇంతెత్తున లేచింది. "ఇది సంగీతమా, ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు సర్దడమా?"

రాసినమ్మాయి మొహం ఎర్రబడింది గానీ వెనక్కి తగ్గలేదు. "ఒక్కసారి మొత్తం వాయించి చూడండి. తర్వాత తిట్టండి" అంది. వాయించారు, తర్వాత తిట్టారు కూడా.

బాబాయి మాత్రం తిట్టలేదు. కారణముంది. ఆ రచన అంతా పోగా పోగా ఊపిరి చప్పుడై, అదీ ఆగిపోయాక, కర్ర ఊపి అందర్నీ నడిపించే కర్ర మాస్టారు కర్ర కింద పెట్టేయాలి. తర్వాత డోలు వంతు. కాగితం మీద అమ్మాయి ఇలా రాసింది: హాలు పూర్తిగా నిశ్శబ్దమయ్యాక, శక్తి కొద్దీ ఒకే ఒక్క దెబ్బ. ఎప్పుడన్నది వాయించేవారి ఇష్టం.

జీవితమంతా ఆ కర్ర ఎప్పుడు కదులుతుందా అని చూసిన మనిషికి, దిగిపోయే ముందు ఈ వరం! రిహార్సల్లో బాబాయి కొట్టిన దెబ్బకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. అమ్మాయి ఎగిరి గంతేసింది. "ఇదే బాబాయ్, సరిగ్గా ఇదే! అందరూ ఉలిక్కిపడాలి!"

"పడతారమ్మా. ఒకావిడ తప్పకుండా పడాలి" అన్నాడు బాబాయి.

ఆ రోజు పిన్ని బట్టీకి సెలవు పెట్టింది. మధ్యాహ్నం కంటినిండా నిద్రపోతానని మాటిచ్చింది. కానీ పడుకోబోతూ ఆయన నల్లకోటు చూస్తే గుండీ వదులుగా కనబడింది. అది కుట్టి, కోటు ఇస్త్రీ చేసి, బూట్లు తుడిచి, ఆఖరి రోజు కదా అని చొక్కా కాలరు మళ్ళీ ఉతికి ఆరేసేసరికి మధ్యాహ్నం కాస్తా అయిపోయింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. నాలుగో వరసలో, చివరి కుర్చీలో, కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చుంది.

పాత పాటలు రెండూ అయ్యాయి. వెనకాల ఎత్తు మీంచి బాబాయి చూస్తూనే ఉన్నాడు. పిన్ని నిద్రపోలేదు! అరచెయ్యి గిల్లుకుంటోంది, పెదవి కొరుక్కుంటోంది, కానీ మెలకువగానే ఉంది. పెళ్ళిచూపుల్లో కూడా అంత కంగారు పడలేదు ఆయన.

తర్వాత కొత్తది మొదలైంది. వయొలిన్ వీపులు గరగరమనగానే జనం మొహమొహాలు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ పక్కవాళ్ళు "ష్" అన్నారు. ఒక పెద్దాయన "వాయిద్యాలు పాడైతే బాగు చేయించుకుని రావాలి గానీ" అని పైకే అనేసి, చేతికర్ర టకటకలాడిస్తూ బయటికి నడిచాడు. ముందు వరసలో ఒకావిడ మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని కళ్ళ నీళ్ళు కారుస్తోంది, ఎందుకో ఆవిడకే తెలియాలి. రాసినమ్మాయి గోడవారన నిలబడి పెన్సిలు కొరుకుతోంది.

ఒక్కో వాయిద్యమే తగ్గుతూ ఫ్లూటుల ఊపిరి మిగిలింది. లోపలికి, బయటికి, మెల్లగా. అదిగో, అక్కడే కొంప మునిగింది. ఆ ఊపిరి జోలపాటలా పనిచేసింది. పిన్ని కళ్ళు ఒకసారి మూతపడి తెరుచుకున్నాయి. మళ్ళీ మూతపడి, ఇక తెరుచుకోలేదు.

ఫ్లూటులు ఆగాయి. కర్ర మాస్టారు కర్ర కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. హాల్లో ఊపిరి మాత్రం ఆగలేదు! లోపలికి, బయటికి, చివర్న చిన్న గురక. అదీ రచనలో భాగమే అనుకున్నారు చాలామంది. తర్వాత తెలిసి నవ్వులు పుట్టాయి, దగ్గులు లేచాయి. కొంతసేపటికి నవ్వులూ దగ్గులూ అవే సద్దుమణిగాయి. అంతమందీ కుక్కినపేనుల్లా కూర్చుని అలిసిపోయిన మనిషి నిద్ర వింటున్నారు.

బాబాయి డోలు కర్ర ఎత్తాడు. ముందు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. ఈ దెబ్బతో లేవాలి, లేచి చూడాలి అనుకున్నాడు. అప్పుడు ఆవిడ తల పక్కకి ఒరిగి, నోరు కాస్త తెరుచుకుని, ఇంట్లో దిండు మీద ఎలా ఉంటుందో అలాగే కనబడింది. కుట్టిన గుండీ ఆయన ఛాతీ మీద గట్టిగా ఉంది. అప్పుడర్థమైంది ఆయనకి, మధ్యాహ్నం ఎటు పోయిందో. ఎత్తిన చెయ్యి కొట్టనంది. కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఈ మనిషిని ఒక్కసారి కూడా ఉలిక్కిపడేలా లేపలేదు. ఇప్పుడు లేపడమా, ఇంతమందిలోనా?

కర్ర పక్కన పెట్టేశాడు. అది చూసి అమ్మాయి చేతిలో పెన్సిలు జారి కిందపడింది. బాబాయి వేలు మడిచి, కణుపుతో డోలు మీద తట్టాడు. ఒక్కసారి, మెల్లగా.

గురక ఆగింది. నాలుగో వరసలోంచి, కళ్ళు తెరవకుండానే, పిన్ని గొంతు స్పష్టంగా పలికింది.

"తీసే ఉంది, రండి."

ఎవరు మొదలుపెట్టారో గానీ హాలంతా చప్పట్లు. వయొలిన్ అక్కయ్య లేచి నిలబడి ముక్కు చీదుకుంటోంది. "ఇదేం చోద్యమే తల్లీ, ఇంత గోకుడూ గోకి చివరికి ఏడిపించారేమిటి?" అని ఎవరి మీదో విసుక్కుంది. ఆ చప్పట్లకి పిన్ని లేచి, ఎప్పట్లాగే, అందరికన్నా గట్టిగా కొట్టింది.

తెరవెనక రాసినమ్మాయి బాబాయిని పట్టుకుంది. కోపంగానే ఉంది. "శక్తి కొద్దీ అని రాశాను కదా బాబాయ్!"

"కొట్టానమ్మా. నా శక్తి అంతే" అన్నాడు బాబాయి.

అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. "ఆవిడకి నా తరఫున థాంక్స్ చెప్పండి" అని, కిందపడ్డ పెన్సిలు వెతుక్కోడానికి వెళ్ళింది.

ఇంటికి నడుస్తుంటే పిన్నికి అసలు సంగతి తెలిసింది. నడివీధిలో నిలబడిపోయింది. "అయ్యో అయ్యో, నిజంగా అన్నానా? అంతమందిలో? మీ ఆఖరి రోజున మీ పరువు తీశానుగా! మళ్ళీ నిద్రపోయానా నేను?"

"నిద్రపోయావు. కానీ విన్నావు. అంతమంది విన్నారు, బదులిచ్చింది నువ్వొక్కదానివే."

పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని, ఆ వేలి కణుపుని బొటనవేలితో రుద్దుతూ నడిచింది. ఇల్లు దగ్గరికొచ్చాక బాబాయే అన్నాడు. "రేపట్నుంచి సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాగా. ఇకనైనా గడియ పెట్టుకుని పడుకో."

"బాగుంది! మీరు తట్టకపోతే నాకు నిద్ర పడుతుందా?" అంది పిన్ని. "రోజూ అలా వీధి చివరిదాకా వెళ్ళి రండి."

బాబాయి ఇప్పటికీ వెళ్ళొస్తున్నాడు. ఒకోసారి వాన పడుతుంటుంది, గొడుగు వేసుకుని వెళ్తాడు. వీధి చివరి దుకాణంవాడు అడిగితే, పని మీద వెళ్తున్నానంటాడు.