నైస్ అన్న మాటకు సంతకం

నిఘంటువు ఆఫీసులో ఆయన్ని అందరూ కార్డులాయన అంటారు. ఇంగ్లీషు మాటల్ని మనవాళ్ళు ఎలా వాడుతున్నారో చెవులారా విని, అట్టముక్క మీద రాసి డబ్బాలో వేయడం ఆయన పని. బస్సులో ఇద్దరు గుసగుసలాడుకుంటే చాలు, ఈయన మెడ అటే సాగేది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు మరి, ఊళ్ళోవాళ్ళ మాటలే ఏరుకునేవాడు.

ఈ ఏడు ‘నైస్’ వంతు వచ్చింది. పిండి నైస్‌గా ఆడించడం, పని తగిలితే నైస్‌గా జారుకోవడం, కసిరే బదులు నైస్‌గా చెప్పడం, వీటికి కార్డులు కుప్పతెప్పలు. మనిషిని ముఖం మీదే మెచ్చుకున్న కార్డు మాత్రం ఒక్కటే, ఇరవై రెండేళ్ళ నాటిది: ‘మీరు చాలా నైసండీ.’

అన్నది ఆ ఆఫీసులో ఆర్నెల్లు పనిచేసి వెళ్ళిపోయిన టైపిస్టు. అన్నది ఈయనతోనే. ఆమె గొడుగు మరిచిపోతే వానలో బస్సుదాకా పరిగెత్తి ఇచ్చొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని అంత మాట మరెవరూ అనలేదు.

“అన్నవాళ్ళ సంతకం లేని కార్డు అచ్చుకెళ్ళదు” అని సంపాదకురాలు తెగేసి చెప్పింది. అడగడానికి వెళ్తే, ఆ టైపిస్టుకు ఆ మాట గుర్తుందో లేదో తేలిపోతుంది. ఆ భయంతోనే ఇన్నేళ్ళూ ఆమె ఛాయలకు పోలేదు. ఇక తప్పక, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆమె ఇప్పుడు నడుపుతున్న జిరాక్స్ షాపుకి వెళ్ళాడు.

“నిఘంటువు ఆఫీసు నుంచి వచ్చానండీ.”

“అబ్బో, ఎప్పటి మాట! నేనూ అక్కడ చేశాను. మీరు కొత్తగా చేరారా?”

ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. “ఆ... కొత్తేనండీ” అన్నాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని కార్డు చదివింది. “నేనే అనుంటాను లెండి, నా నోట్లో ఊరికే తిరిగే మాట. ఎవరితో అన్నానో రాయలేదే?”

గొడుగు సంగతి గొంతుదాకా వచ్చింది. చెబితే గుర్తొచ్చేదేమో. చెప్పినా గుర్తు రాకపోతే? అది తట్టుకునే ధైర్యం ఆయనకు చాల్లేదు.

“ఎవరో పాతాయనండీ. పోయారు.”

“అయ్యో పాపం!” అంటూ ఆమె సంతకం చేసి కార్డు చేతికిచ్చింది.

పోయినవాడి తరఫున ఆయనే థాంక్స్ చెప్పి, మెట్లు దిగాడు.