అట్ట మీద పేరు

సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్లపాటు నేను ప్రభు బల్ల దగ్గర చెయ్యి చాచలేకపోయాను. రొట్టె పళ్లెం నా వరుసకు వచ్చేసరికి దగ్గు తెరలు వచ్చినట్టు నటించి బయటికి నడిచేవాణ్ణి, ఇంటికెళ్లి కడుపులో బాగాలేదని అబద్ధమాడేవాణ్ణి. నిజానికి నాకు ఏ రోగమూ లేదు. నేను దొంగతనం చేశాను! ఆ దొంగను దేవుడు ఎలా పట్టుకున్నాడో చెప్పడానికే ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను.

తొంభైల చివర్లో నేను గోపాలపట్నంలో ఒక ప్రెస్సులో కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చేవాణ్ణి. జాలరిపేట అప్పలరాజు నాకు బడి నుంచీ స్నేహితుడు, ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. పోర్టుకొచ్చిన ఓడలోని విదేశీయుడొకడు వదిలేసి వెళ్లిన ఒక ఆట పుస్తకం ఎలాగో మా చేతికొచ్చింది. దానికి గళ్ల పలక లేదు, పావులు లేవు. ఒకరు కథ నడిపిస్తారు, చుట్టూ కూర్చున్నవాళ్లు తలొక పాత్ర తీసుకుని ‘నేనైతే ఇలా చేస్తాను’ అంటారు, ఏం జరుగుతుందో తేలని చోట పాచిక వేస్తారు. అంతే! మాకు మతిపోయింది. మన సముద్రం మీద, మన మాటల్లో ఇలాంటి ఆట ఒకటి మనమే చేద్దామనుకున్నాం.

నియమాలు నేను రాశాను, కథంతా అప్పలరాజుది. పన్నెండేళ్ల వయసులో తండ్రి ఎల్లాజీతో వేటకు వెళ్లి, గాలివానలో తండ్రిని పోగొట్టుకుని, ఒక్కడే ఒడ్డుకు చేరినవాడు వాడు. ఆ రోజు ఏం జరిగిందో కన్నతల్లికి కూడా చెప్పలేదు. చెప్పలేనిదంతా ఆ ఆటలో పెట్టాడు.

పుస్తకం అచ్చుకు వెళ్లే సమయానికి అప్పలరాజు పారాదీప్ వైపు వేటకు వెళ్లాడు. అట్ట కూర్చినది నేనే. ‘అచ్చు వేయిస్తున్నది నేను, అమ్మబోయేది నేను, వాడికి ఇవన్నీ ఎందుకు’ అని నాకు నేనే చెప్పుకుని, రచయిత అని నా పేరొక్కటే వేసుకున్నాను. తిరిగొచ్చాక వాడు ఆ అట్టను చాలాసేపు చూసి, "బాగుంది బావా" అని కింద పెట్టేశాడు, మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఈలోగా ఒక పత్రికలో నన్ను మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాశారు, కాలేజీ కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చారు, ఇక నోరు విప్పి నిజం చెప్పే దారి మూసుకుపోయింది.

పుస్తకం అమ్ముడుపోవాలంటే జనానికి ఆట రుచి చూపించాలి కదా, అందుకని ఆదివారాలు మధ్యాహ్నం ఒక టీకొట్టు వరండాలో నలుగురిని కూర్చోబెట్టి ఆడించేవాణ్ణి. ఒక ఆదివారం అప్పలరాజు తల్లి పోలమ్మ చేపలు అమ్ముకుని, ఖాళీ తట్టతో నీడకొచ్చి మా పక్కనే కూర్చుంది. నేను గాలివాన ఘట్టం చదువుతున్నాను. పడవ యజమాని కేకవేసే మాట వచ్చింది: ‘వల పోతే అల్లుకోగలం, పానం పోతే అల్లలేం!’

పోలమ్మ చటుక్కున లేచింది. "ఆ మాట మా ఆయనది! నీకెవులు సెప్పినారు బాబూ?"

"మీ అబ్బాయే చెప్పాడమ్మా, ఈ కథంతా వాడిదే" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో!

"నాకు సదువు రాదు. నానూ ఆడొచ్చేటి?"

యజమాని పాత్ర ఆమెకిచ్చాను. పడవ తిరగబడుతోంది, వలా జారిపోతోంది, కుర్రాడూ జారిపోతున్నాడు, నువ్వేం చేస్తావమ్మా అని అడిగాను.

"వల ఒగ్గేత్తాను. కుర్రోణ్ణి ఒగ్గను" అంది, క్షణం ఆలోచించకుండా.

పాచిక వేసింది. ఒకటి పడింది. నియమం ప్రకారం ఒక్కరే బతుకుతారు. కుర్రాణ్ణి వదలనంది కాబట్టి బతికేది కుర్రాడేనని చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పిల్లోడు ఒడ్డుకి సేరినాడు గదా, సాలు బాబూ. మా ఆయన ఏటి సేసినాడో ఇన్నాళ్లకి తెలిసింది" అంది.

అప్పుడామె పుస్తకం చేతిలోకి తీసుకుని, "మావోడి పేరు ఎక్కడుందో సూపించు బాబూ" అంది.

అక్కడ లేదని చెప్పవలసిన ఘడియ అది. నేనేం చేశానో తెలుసా? ఆమె వేలు పట్టుకుని నా పేరు మీద పెట్టి, "ఇదేనమ్మా" అన్నాను. ఆమె ఆ అక్షరాలను ముద్దు పెట్టుకుంది!

ఆమె వెళ్లిపోయాక పక్కనున్న మందిరంలోకి వెళ్లి బోర్లా పడ్డాను. "ప్రభువా, చదువురాని తల్లిని కూడా మోసం చేశాను, నేను ఇంతకు దిగజారానా! నాకు ధైర్యం లేదు, నా కాళ్లను నువ్వే నడిపించు, లేకపోతే నేను వెళ్లలేను" అని ఏడ్చాను. లేచి చూస్తే, ఏమని చెప్పను, రెండేళ్లుగా నన్ను వెనక్కి లాగిన కాళ్లు వాటంతటవే బస్సెక్కాయి!

జాలరిపేటలో తల్లీకొడుకుల ముందు అంతా ఒప్పుకున్నాను. పోలమ్మ ముఖం ఎర్రబడింది. "అయితే నా సేత నీ పేరుకి ముద్దెట్టించినావా? సిగ్గు నేదేటి నీకు?" అంది. ఆ తిట్లన్నీ నాకు రావలసినవే. అప్పలరాజు వల బాగుచేసుకుంటూనే ఉన్నాడు. కొత్త అట్ట మీద నీ పేరు వేస్తాను బావా అన్నాను.

వాడు వల పక్కన పెట్టి అన్నాడు: "నా పేరొద్దు బావా. మా అయ్య పేరు ఎయ్యి."

దేవునికే మహిమ! నన్ను వెళ్లగొట్టవలసిన ఇంట్లోనే, ఆ వారం తిరక్కముందే, నేను మోసుకెళ్లిన మిగిలిన పుస్తకాలన్నీ ముందేసుకుని ముగ్గురం కూర్చున్నాం. నేను ప్రెస్సులో ఎల్లాజీ పేరు అచ్చువేసి తెచ్చిన చీటీలకు పోలమ్మ గంజి రాసింది, అప్పలరాజు నా పేరు మీద అతికించాడు. ఆమె మన మందిరానికి వచ్చే మనిషి కాదు, తన గంగమ్మకే మొక్కుకుంటుంది, అయినా నా దేవుడు నన్ను సరిచేయడానికి ఆమెనే పంపాడు! ఆ దయ తలచుకుంటే ఈనాటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

ప్రియులారా, మీలో ఎవరైనా మరొకరి కష్టాన్ని మీదిగా చెప్పుకుంటూ లోలోపల నలిగిపోతుంటే, ఈ రోజే ఆ ఇంటికి వెళ్లండి. తిట్లు పడతాయి, పడనివ్వండి. ప్రభువును నమ్మి అడుగు వేయండి, ఆ గుమ్మంలో మీకంటే ముందే ఆయన నిలబడి ఉంటాడు.