రబ్బరు పాలు పూసిన బంతి

మొన్న ఆదివారం, ఇక్కడ మలేషియాలోని సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగం చేసే మా మనవడు క్లాంగ్‌లోని మా ఇంటికి వచ్చి, టీవీలో పోలండు దేశపు ఫుట్‌బాల్ ఆట పెట్టుకున్నాడు. తనతో పనిచేసే పోలండు కుర్రవాడి ఊరి జట్టు ఈ ఏడాది పోటీల్లో అట్టడుగున ఉందట, అది ఆఖరి ఆటట. గెలవకపోతే ఏమవుతుందిరా అని అడిగాను.

"కింద లీగుకి పోతారు లా, అమ్మమ్మా," అన్నాడు, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఆ మాటతో నా కళ్ళు టీవీ మీద ఉన్నాయే గాని, మనసు నేను పెరిగిన రబ్బరు ఎస్టేటు మైదానానికి వెళ్ళిపోయింది.

యుద్ధంలో జపాను వాళ్ళు ఈ దేశం మీదికి రాకముందు మాట. చుట్టుపక్కల ఎస్టేట్లన్నీ ఏటా ఫుట్‌బాల్ పోటీలు ఆడుకునేవి. మీలో ఎస్టేటు కూలీల లయం ఇళ్ళలో పెరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, చీకటితోనే లేచి రబ్బరు చెట్లు గీసి, పాలు మోసి, తూకం దగ్గర నిలబడి, ఆ అలసటతోనే సాయంత్రం వట్టి కాళ్ళతో ఆటకు దిగేవారు మనవాళ్ళు. మా నాన్న గోలుకీపరు. ఆడవాళ్ళం గట్టున కూర్చుని ఒకరి తలలు ఒకరం దువ్వుకుంటూ, ఊరి సంగతులు చెప్పుకుంటూ ఆట చూసేవాళ్ళం. చెట్ల నీడ లేకుండా ఆకాశమంతా కనబడే చోటు మాకు అదొక్కటే.

మా జట్టు ఎప్పుడూ ఆఖరే. దొరకు అది నామర్దా అయింది. ఈసారి కూడా అడుగున నిలిస్తే మైదానం దున్నించి రబ్బరు మొక్కలు నాటిస్తానని కూలీల మీద పెత్తనం చేసే కంగాణి చేత చెప్పి పంపాడు. ఆఖరి ఆట వచ్చేసరికి, గెలిస్తేనే మైదానం దక్కుతుందన్న కాడికి వచ్చింది.

వానాకాలం. తోలు బంతి కుట్లు ఊడి, తడిస్తే రాయిలా బరువెక్కేది. మా అమ్మకు ఒక ఆలోచన తట్టింది. తను గీసిన చెట్ల పాలే బంతికి దట్టంగా పూసి, రబ్బరు షీట్లు ఆరవేసే పొగ కొట్టంలో వేలాడదీసింది. నల్లబడి, కమురు వాసన వేస్తూ దిగింది బంతి.

"బంతి తెచ్చినావా, ఎండు సేప తెచ్చినావా?" అని మా పెద్దమ్మ ఎగతాళి చేసింది.

"వాసనెందుకు నీకు? ఆడేది నీ మొగుడు కాదు గదా," అంది అమ్మ.

ఆట మొదలైన కాసేపటికే వాన దంచింది. బంతి చుక్క నీరు పీల్చలేదు. కప్పలా ఎగిరెగిరి పడుతుంటే అవతలివాళ్ళకు అంతు చిక్కలేదు, మావాళ్ళు ఒక గోలు కొట్టేశారు. గట్టు మీద అమ్మ మహారాణిలా కూర్చుంది. ఇంతలో వాన వెలిసి, చురుక్కుమని ఎండ కాసింది. పచ్చి ఆరని రబ్బరు ఎండకు మెత్తబడి బంకలా సాగింది. ఆట ముగియబోతుండగా నాన్న బంతి పట్టుకుని దూరంగా విసరబోయాడు. అది అరచేతిని వదలలేదు. వదిలేసరికి అవతలివాడి కాళ్ళ ముందు పడింది. వాడు గోలులోకి తన్నేశాడు. ఆట సమం. సమమైతే మాకు ఓడినట్టే.

ఇంటికి నడుస్తూ అమ్మ ఏడ్చింది. "నా సేతుల్తోనే సెడగొట్టినాను."

"నువ్వేటి సేసినావు? ఆ బంతికి నన్నొగ్గబుద్ధి కానేదు, అంతే," అన్నాడు నాన్న. ఏడుస్తున్న మనిషి కాస్తా నవ్వేసింది.

మైదానం నిండా మొక్కలు నాటారు. మేము వరండాల్లో కూర్చోవడం నేర్చుకున్నాం గాని, అందరం ఒక్కచోట కూర్చోవడం మాత్రం మళ్ళీ జరగలేదు. యుద్ధం అయ్యాక ఆ చెట్లు గీతకు వచ్చాయి. ఆ వరుస నాన్న వంతుకే పడింది. గోలు స్తంభం ఉన్న చోటి చెట్టు దగ్గరకు రాగానే కత్తి కింద పెట్టి, రెండు చేతులూ పంచెకు గట్టిగా తుడుచుకుని, అప్పుడు గీసేవాడు. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు ఆ చెట్లూ లేవు. అంతా మేడలు, కార్లు. నాన్న నిలబడ్డ చోటు ఏ ఇంటి కిందికి పోయిందో నేనూ చూపించలేను.

టీవీలో ఆట అయిపోయింది. పోలండు కుర్రవాడి జట్టు ఓడిపోయింది. అయ్యో పాపం అన్నాను.

"పర్లేదు లా, అమ్మమ్మా. వచ్చే ఏడాది గెలిచి మళ్ళీ పైకి వస్తారు," అన్నాడు మనవడు.

వస్తారు నాయనా. వాళ్ళ మైదానం వాళ్ళకు ఉంది కదా.